నూనె రాసి ఇచ్చిన తుపాకీ

మా బావ ఓటకార్ కుబిష్త పేరెత్తితే మా ఊళ్ళో రెండు మాటలు చెబుతారు. లేత్ మిషన్ మీద ఆయనంత పనివాడు లేడని ఒకటి. ముసలితనంలో దొంగ పని చేశాడని రెండోది. మొదటిది నిజం, రెండోది పచ్చి అబద్ధం. అబద్ధమని తెలిసినవాళ్ళం ఇద్దరమే ఉండేవాళ్ళం. పోయిన ఫిబ్రవరిలో ఆయన పోయాడు, ఇక మిగిలింది నేను. నోరు విప్పడానికి నాకు ఆరేళ్ళు పట్టింది, అదీ ఆయన లేకుండా పోయాక. నా ధైర్యం ఏపాటిదో దీన్నిబట్టే తెలుసుకోవచ్చు.

ఆయనకి పాత సైన్యం సామాన్ల పిచ్చి. హెల్మెట్లు, నీళ్ళ సీసాలు, తోలు సంచులు, గుడారం గుడ్డలు, వాటితోపాటు లైసెన్సు మీద తుపాకులు. మా అక్క బ్లజెనా కాపురానికి వెళ్ళిన మొదటి వారం బట్టలు సర్దుకుందామని బీరువా తెరిస్తే లోపల పదకొండు మిలిటరీ కోట్లు వేలాడుతున్నాయట. అక్క బట్టలు ఆరు నెలలపాటు సూట్‌కేసులోనే ఉన్నాయి.

“ఏరా తమ్ముడూ, మీ బావ నిన్న ఇంకో టిఫిన్ డబ్బా పట్టుకొచ్చాడు,” అనేది నేను వెళ్ళినప్పుడల్లా. “దాంట్లో వండనివ్వడు, కనీసం కడగనివ్వడు. ఆ మురికి కూడా పాతదేనట.”

“పాతదే మరి. ముప్ఫై ఎనిమిదో సంవత్సరం మురికి అది,” అనేవాడు బావ, పేపర్లోంచి తల ఎత్తకుండా.

“నాది నలభై తొమ్మిదోది. మరి నన్నెందుకు స్నానం చేయమంటావు?”

ఇలా ఉండేది వాళ్ళ కాపురం. తిట్టుకుంటూనే నవ్వుకునేవాళ్ళు. నేను మొదట్లో ఆయన్ని ఆటపట్టించడానికి వెంట వెళ్ళేవాణ్ణి, తర్వాత నాకూ అంటుకుంది. ఆదివారం తెల్లవారకముందే లేచి పక్క ఊరి వ్యాయామశాలలో జరిగే పాత సామాన్ల సంతకి పోవడం, చేతిలో టార్చిలైటు, మెడలో మఫ్లరు, బల్లల కింద పెట్టెల్లో గాలించడం, ఆ తర్వాత నిలబడి ఆవాలముద్ద రాసిన సాసేజి తినడం. అమ్మేవాడు సామాను దింపుతుండగానే మంచివన్నీ చేతులు మారిపోతాయి. తెల్లవారాక వచ్చేవాళ్ళకి మిగిలేది తుప్పు.

బావ మెడలో బూటు తాడుతో కట్టిన భూతద్దం ఒకటి వేలాడేది. కోటు గుండీ కొనాలన్నా దాన్ని కంటికి పెట్టుకోవాల్సిందే. మా వ్యాపకంలో దొంగ సరుకు ఎక్కువ. మామూలు హెల్మెట్‌కి పేరున్న పటాలం గుర్తు వేసి అమ్ముతారు. ఒక తుపాకీ భాగాన్ని ఇంకో తుపాకీకి బిగించి, పాత నంబర్ అరగదీసి కొత్త నంబర్ కొడతారు. అన్ని భాగాల మీదా ఒకే నంబర్ ఉన్న తుపాకీకే మాలో గౌరవం. నంబర్లు కలవకపోయినా తప్పు లేదు, అది దాని తలరాత. కలవనిదాన్ని కలిసినట్టు చూపించడం మాత్రం మాలో క్షమించరు. మాలాంటివాళ్ళం పెట్టుకున్న క్లబ్బులో ఆ రూల్ రాసింది బావే. దొంగ నంబర్ ఉన్న వస్తువు తెచ్చినవాడు, తెలిసి తెచ్చినా తెలియక తెచ్చినా, ఇక క్లబ్బులో ఉండడు.

ఆ రూల్ మొదట తగిలింది లెయోపోల్డ్ అనే పోస్ట్‌మాస్టర్‌కి. పాపం, ఎవరి దగ్గరో మోసపోయి తెచ్చుకున్నాడు.

“నాకు తెలీదు ఓటకార్, ఒట్టు,” అన్నాడు లెయోపోల్డ్, కళ్ళలో నీళ్ళు పెట్టుకుని.

“తెలుసుకోవడమే మన పని,” అన్నాడు బావ. “భూతద్దం నీకూ ఉంది. చూడాలనుకోలేదు నువ్వు. ముచ్చటపడ్డావు.”

ఆ తర్వాత లెయోపోల్డ్ మా వీధిలోకి రావడమే మానేశాడు. బావ చేసింది ఎక్కువేనని నాకనిపించింది, కానీ నేను నోరెత్తలేదు. ఎత్తకపోవడం నాకు అలవాటే.

ఇంత పట్టుదల ఎందుకంటే వాళ్ళ నాన్న సంగతి చెప్పాలి. పెద్దాయన పేరు అలోయిస్. ముప్ఫై ఎనిమిది సెప్టెంబరులో అందర్నీ సైన్యంలోకి పిలిచినప్పుడు ఈయన్ని మా కొండమీదున్న కాంక్రీటు బంకర్లోనే పెట్టారు. తుపాకీ కన్నంలోంచి చూస్తే వాళ్ళింటి పొగగొట్టం కనిపించేదట. జర్మన్లు వస్తే కాల్చడానికి సిద్ధంగా వారంపైన కూర్చున్నారు. తర్వాత పైవాళ్ళు ఎక్కడో సంతకాలు పెట్టి మా కొండలన్నీ జర్మన్లకి రాసిచ్చేశారు, దిగి పొమ్మన్నారు. ఒక్క తూటా పేల్చకుండా కొండ దిగి, బడి ఆవరణలో తుపాకులన్నీ కుప్ప పోసి ఇళ్ళకి వెళ్ళిపోయారు. ఆ కుప్పని జర్మన్లు పట్టుకుపోయారు. అలోయిస్ గారు ఆ తర్వాత నలభై ఏళ్ళు బతికారు. ఆ సంగతి ఎవరు కదిపినా ఒకే మాట అనేవారు, “నూనె రాసి మరీ ఇచ్చాను వాళ్ళకి.” అంతకుమించి ఏమీ చెప్పేవారు కాదు. ఆయన పోయాక మిలిటరీ పుస్తకం బావకొచ్చింది. అందులో ఒక పేజీలో ఆయనకిచ్చిన తుపాకీ నంబర్ రాసుంది, 4417.

తొంభై ఆరులో బావకి ఆ తుపాకీ దొరికింది. మీరు నమ్మకపోతే నేనేం చేయలేను, మొదట నేనూ నమ్మలేదు. జర్మన్లు పట్టుకుపోయినవి యుద్ధం తర్వాత ఎన్నో దేశాల గోదాముల్లో పడి, మా దగ్గర ప్రభుత్వం మారాక లారీల్లో వెనక్కొచ్చాయి. సంతలో ఒక బల్ల కింద, నూనె కాగితంలో చుట్టి ఉంది. బావ భూతద్దం పెట్టి చూసి, లేచి నిలబడి, మళ్ళీ వంగి చూశాడు. గొట్టం మీద 4417. కొయ్య మీద 4417. బోల్టు మీద మాత్రం వేరే నంబర్. బోల్టు అంటే తూటాని లోపలికి తోసి మూసే ముక్క, తలుపు గడియలాంటిది. తుడిచేటప్పుడు అన్నీ ఊడదీసి మళ్ళీ పెట్టేటప్పుడు ఎవడో తారుమారు చేసేశాడు.

ఆనాటి నుంచి ఇరవై రెండేళ్ళు ఆయన ఆ బోల్టు కోసం తిరిగాడు. బ్ర్నో దాకా, స్లొవాకియా దాకా, ఎక్కడ సంత ఉంటే అక్కడికి. పెట్టెల్లో బోల్టులు చిత్తు ఇనుములా పోసి అమ్ముతారు. వాటి ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్కటి తిప్పి చూసేవాడు. సంతల్లో ఆయన పేరు ఎవరికీ తెలియదు. “అదిగో, నాలుగు నాలుగు ఒకటి ఏడు వస్తున్నాడు” అనేవాళ్ళు. నేను రెండో పక్క కూర్చుని వెతికేవాణ్ణి. మొదటి అంకె నాలుగు కాకపోతే పక్కన పడేయడం, అంతే నా పని.

రెండు వేల పదిహేడు చలికాలంలో ఆయనకి గుండె ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాడు కానీ మనిషి సగమైపోయాడు. సంతకి తీసుకెళతానంటే వద్దన్నాడు. కిటికీ దగ్గర కూర్చుని, ఆ తుపాకీ ఒళ్ళో పెట్టుకుని, నాన్నగారి పుస్తకం తెరిచి చూస్తుండేవాడు. మరుసటి సంవత్సరం సెప్టెంబరుకి ఆ బంకర్ల సంగతి జరిగి ఎనభై ఏళ్ళవుతాయని ఊరి హాల్లో ప్రదర్శన పెడుతున్నారు. తుపాకీ అక్కడ పెట్టమని క్లబ్బు అధ్యక్షుడు విలేమ్ ఇంటికొచ్చి అడిగాడు. బావ తల అడ్డంగా ఊపాడు.

“పరాయి బోల్టుతో పెట్టనా నాన్న తుపాకీని? ఆయనే సగం మనిషిగా బతికాడు. తుపాకీ కూడా సగందే పెట్టాలా?”

ఆ రోజు అక్క నన్ను వంటింట్లోకి లాక్కెళ్ళి తలుపేసింది. పొయ్యి మీద బంగాళాదుంపల సూప్ పొంగిపోతున్నా చూడలేదు.

“హినెక్, ఆ ఇనప ముక్క ఏదో పట్టుకొచ్చి ఆయన చేతిలో పెట్టరా.”

“దొరకాలి కదే అక్కా.”

“దొరకడం, దొరక్కపోవడం నాకు తెలీదు. అసలుదో కాదో నాకెందుకురా. ఆయన మొహంలో ఒక్కసారి వెలుగు చూడాలి నేను. నీకు చేతకాకపోతే చెప్పు.”

నాకు చేతనవును, అదే నా ఖర్మ. సంతలో అదే రకం బోల్టు ఒకటి కొన్నాను. బావ షెడ్డులోనే ఇనుము మీద అంకెలు కొట్టే పంచులు ఉన్నాయి, ఫ్యాక్టరీ మూసేసినప్పుడు తెచ్చుకున్న పాత నంబర్ పంచుల పెట్టె. అక్క ఆయన్ని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళిన రోజు మధ్యాహ్నం కూర్చుని పని కానిచ్చాను. ఉన్న నంబర్ అరగదీశాను, 4417 కొట్టాను. కొత్త అచ్చు పాతదానిలా కనపడడానికి ఏం చేశానో చెప్పను, నేర్చుకునే వెధవలు ఉంటారు. పని చేస్తున్నంతసేపూ పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను.

తర్వాతి ఆదివారం తీసుకెళ్ళి చేతిలో పెట్టాను. కొండల అవతల సంతలో దొరికిందని చెప్పాను. బావ దాన్ని తిప్పి నంబర్ చూశాడు. గబగబా లేచాడు, ఆపరేషన్ అయినవాడిలా కాదు. తుపాకీ తెచ్చి పాత బోల్టు తీసి ఇది తోశాడు. టక్కుమని మూసుకుంది. వెక్కివెక్కి ఏడ్చాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి, నా భుజం మీద తల పెట్టి.

“నాన్న చూసుంటే బాగుండేదిరా బామ్మర్దీ,” అన్నాడు.

మెడలో భూతద్దం ఉంది. దాని మీదికి ఆయన చెయ్యి పోలేదు. నేను గమనించాను, గమనించి ఊపిరి పీల్చుకున్నాను. గుండీ కొనాలన్నా చూసేవాడు, ఆ రోజు చూడలేదు.

ఆ వేసవంతా అక్క ఇంట్లో పండగే. బావ తోటలో పనిచేశాడు, ప్లమ్ పండ్లు పెట్టి కాల్చిన కొలాచ్ రొట్టెలు మూడేసి తిన్నాడు, కనపడిన ప్రతివాడికీ “మా బామ్మర్ది తెచ్చాడు” అని చెప్పుకున్నాడు. సంతలో జనం నా చెయ్యి పట్టుకుని ఊపారు. సిగ్గులేకుండా ఊపించుకున్నాను.

సెప్టెంబర్ ఇరవై మూడు. హాల్లో బల్లల మీద ఆకుపచ్చ గుడ్డ పరిచి అందరం సామాన్లు పెట్టాం. బావ బల్ల మీద తుపాకీ, పక్కన తెరిచిన నాన్నగారి పుస్తకం. తలుపులు తీసేముందు క్లబ్బు వాళ్ళందరం ఒక చుట్టు తిరిగి, ఒకరి వస్తువులు ఒకరం భూతద్దంతో చూడడం మా ఆనవాయితీ. అది కూడా బావ పెట్టిందే. ఆయన బల్ల దగ్గరికి రాగానే విలేమ్ ఆగకుండా ముందుకి నడిచాడు.

“ఎందుకు చూడవు?” అన్నాడు బావ.

“నీ బల్ల కదయ్యా.”

“నా బల్ల తప్ప అని రాశానా రూల్లో?”

అందరూ నవ్వారు. “అయితే నువ్వే చూసుకో, మాకంటే బాగా చూస్తావు,” అన్నాడు విలేమ్.

“బావా, టైమైపోయింది, బయట జనం నిలబడ్డారు,” అన్నాను నేను.

“నిలబడనీ. రెండు నిమిషాలు ఆగలేరా?” అని నవ్వుతూనే భూతద్దం కంటికి పెట్టుకుని వంగాడు.

వంగినవాడు లేవలేదు. బొటనవేలితో ఏడు అంకె మీద రుద్దాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఆయన పంచుల పెట్టెలో ఏడు అంకెకి కాలి దగ్గర చిన్న ముక్క విరిగి ఉంది. ముప్ఫై ఏళ్ళు ఫ్యాక్టరీలో దాంతోనే అచ్చులు కొట్టాడు. ఆ విరుపు ఆయనకి తెలిసినంతగా నాకు తెలియదు, నేను చూసుకోలేదు. తలెత్తి నా వంక ఒక్కసారి చూశాడు. కోపంగా చూసుంటే తట్టుకునేవాణ్ణి.

నోరు మూసుకుంటే అక్కడున్న పద్నాలుగు మందిలో ఎవడికీ తెలిసేది కాదు. ఆయన మూసుకోలేదు.

“ఇది దొంగ నంబర్,” అన్నాడు. “తీసెయ్యండి బల్ల మీంచి.”

“ఏమంటున్నావు ఓటకార్? హినెక్ తెచ్చిందేగా ఇది?” అన్నాడు విలేమ్. అందరూ నా వైపు తిరిగారు.

“వాడు తెచ్చింది నంబర్ అరిగిపోయిన బోల్టు. నంబర్ నేను కొట్టాను. నా పంచులే. ఏడు కాలు విరిగి ఉంటుంది, షెడ్డుకొచ్చి చూసుకోండి.”

“అంతేనా హినెక్?”

ఇంట్లో నా లైసెన్సు మీద ఇరవై మూడు తుపాకులున్నాయి. నలభై ఏళ్ళ కష్టం. ఆ క్షణంలో నా కళ్ళ ముందుకి బావ రాలేదు, అక్క రాలేదు. ఆ ఇరవై మూడూ అల్మారాలో వరసగా నిలబడి కనిపించాయి.

“అంతే,” అన్నాను.

ఆయన్ని క్లబ్బులోంచి తీసెయ్యాలని అక్కడికక్కడే ఓటు వేశారు. పద్నాలుగు మందిలో ఆయన పోను పదమూడు మంది, పదమూడు చేతులూ లేచాయి. నాదీ లేచింది. పాపం, మనస్సాక్షి ఊరుకోనివ్వక బయటపెట్టుకున్నాడని జనం అనుకున్నారు. బావ టోపీ పెట్టుకుని, నాన్నగారి పుస్తకం జేబులో పెట్టుకుని, జనం లోపలికి వస్తుంటే వాళ్ళ మధ్యలోంచి బయటికి వెళ్ళిపోయాడు.

తుపాకీ భాగం మీద నంబర్ మార్చడం మా దగ్గర నేరం. విలేమ్ పోలీసులకి రాయక తప్పలేదు. రెండు నెలల్లో లైసెన్సు రద్దయింది. మిగతా తుపాకులు తలో చేతికీ పోయాయి. ఆ తుపాకీని మాత్రం తెచ్చి అప్పగించమన్నారు. ఇంట్లో ఆయనకి ముద్ద దిగడం లేదు. అక్క సూప్ వడ్డిస్తూ నా ముందే తిట్టింది, “ఈ వయసులో నీకీ దొంగ బుద్ధి ఎందుకు పుట్టిందయ్యా? మా తమ్ముడు తెచ్చింది తెచ్చినట్టు ఉంచుకుంటే ఏం పోయింది?” బావ స్పూను కింద పెట్టి, “నిజమే బ్లజెనా,” అన్నాడు. నేను రెండో గిన్నె సూప్ కూడా తాగాను.

అప్పగించే రోజు నేనే కారులో తీసుకెళ్ళాను. ఎక్కేముందు వరండాలో కూర్చుని తుపాకీ మొత్తం ఊడదీసి, గుడ్డతో తుడిచి, నూనె రాసి, మళ్ళీ బిగించాడు. గంట పట్టింది. పోలీసు ఆఫీసులో కిటికీ వెనకున్న కుర్రదాని కాగితాలకి నూనె అంటుకుంది.

“ఇంత నూనె ఎందుకు రాశారండీ? ఎలాగూ కరిగించేసేదే కదా,” అంది విసుగ్గా.

“మా ఇంట్లో అలవాటమ్మా,” అన్నాడు బావ.

తిరిగి వస్తుంటే రైల్వే గేటు పడింది. ఇంజన్ ఆపాను. ఇద్దరమే ఉన్నాం, అడగకుండా ఉండలేకపోయాను.

“ఎందుకలా చెప్పావు బావా?”

“నా తుపాకీ కాబట్టి నాది ఎలాగూ పోయేది. ఇద్దరి లైసెన్సులూ పోతే నాన్న తుపాకీ ఎవరింట్లో ఉంటుంది? నీ పేరు మీద రాయనిస్తారనుకున్నా. బోల్టు ఒక్కటే తీసుకుంటారనుకున్నా.” కాసేపు పట్టాల వైపు చూశాడు. “లెయోపోల్డ్‌ని అన్నాను చూడు, చూడాలనుకోలేదు నువ్వు అని. కొట్టింది నువ్వు. చూడనిది నేను.”

నేను ఏదో గొణిగాను. క్షమించమనే అనుకుంటా. ఆయన వినిపించుకోలేదు.

“దాని మీద ముందు ఏం నంబర్ ఉందిరా?”

“దేని మీద?”

“నువ్వు అరగదీసిన బోల్టు మీద.”

గుర్తు తెచ్చుకోవడానికి చూశాను. “పూర్తిగా చూడలేదు బావా. మూడుతో మొదలైంది. మనది కాదని వదిలేశా.”

“మనది కాకపోతే ఇంకొకడిది కదరా,” అన్నాడు. గేటు లేచింది, వెనక బళ్ళు హారన్ కొట్టాయి. ఆ తర్వాత ఆరేళ్ళలో ఆయన నాతో ఆ మాట ఎత్తలేదు. మాటలే తగ్గించేశాడు. పండగలకి వెళితే కుర్చీ చూపించేవాడు.

ఆయన పోయిన నెలకి నేను మళ్ళీ సంతకి వెళ్ళాను. ఇంట్లో కూర్చోలేక వెళ్ళానని చెప్పుకుంటున్నాను. బోల్టుల పెట్టె దగ్గర ఒక ముసలాయన మోకాళ్ళ మీద ఉన్నాడు, మొరావియా వైపు మనిషి, మాట తీరులో తెలిసిపోయింది. మెడలో దారానికి అట్టముక్క కట్టుకున్నాడు. దాని మీద నల్ల సిరాతో 3862 అని రాసుంది.

“మా తాతగారి తుపాకీదండీ,” అన్నాడు నన్ను చూసి. “బోల్టు ఒక్కటే లేదు. పదిహేనేళ్ళ నుంచి వెతుకుతున్నా. మీరెక్కడైనా చూశారా?”

మూడుతో మొదలయ్యేవి వేలున్నాయి. అది వేరే బోల్టే అయ్యుండొచ్చు.

“లేదు,” అన్నాను.

“కనపడితే ఒక్క ఫోను చేస్తారా?” అని కాగితం ముక్క మీద నంబర్ రాసి నా చేతిలో పెట్టాడు.

“అలాగే, తప్పకుండా చేస్తాను,” అన్నాను.